గంజాయి కేసు పడితే మొదట అడగాల్సింది: ఎంత దొరికింది, ఏ సెక్షన్ పెట్టారు

హనుమకొండ అదాలత్ దగ్గర మాది జిరాక్స్, టైపింగ్ షాపు. వకాలతులు, బెయిల్ పిటిషన్లు, షూరిటీ కాగితాలు రోజూ మా చేతుల మీదుగానే పోతాయి. నేను వకీలును కాను. కానీ గంజాయి కేసులో పిల్లలు దొరికిన తల్లిదండ్రులు కోర్టు లోపలికి పోయే ముందు ఆగేది మా కౌంటర్ దగ్గరే. వాళ్లు ఏం అడుగుతారో, ఏం అడగకుండా వెళ్లిపోతారో ఇన్నేళ్లుగా చూస్తున్నాను. వచ్చిన ప్రతి తండ్రీ అడిగేది ఒకటే: "అన్నా, పెద్ద వకీలు ఎవరున్నరు?" నేను తిరిగి అడుగుతాను: "ఎంత దొరికిందట? ఏ సెక్షన్ రాసిన్రు?" చాలామంది దగ్గర జవాబు ఉండదు. "ఏమో అన్నా, గంజాయి కేసు అన్నరు" అంటారు.

ఆ జవాబు తెలియకుండా ఏ వకీలు దగ్గరికి పోయినా, ఆయన చెప్పే ఫీజు న్యాయమైనదో కాదో మీకు తెలిసే దారి లేదు. ఎందుకంటే 1985 నాటి మత్తుమందుల చట్టం, ఎన్డీపీఎస్‌లో శిక్ష అంతా బరువు మీద నడుస్తుంది. గంజాయి కిలో లోపు ఉంటే చిన్న పరిమాణం, ఏడాది వరకు జైలు, లేదా 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, 10 ఏళ్లకు తక్కువ కాకుండా 20 ఏళ్ల వరకు, దానికి తోడు లక్ష నుంచి రెండు లక్షల జరిమానా. మధ్యలో ఉంటే 10 ఏళ్ల వరకు, లక్ష వరకు జరిమానా. మిగతావాటికి లెక్క వేరు. గంజాయి మొక్క నుంచి తీసే హాష్ ఆయిల్ అయితే కిలో దాటగానే వాణిజ్యం. ఎండీఎంఏ అనే రసాయన మత్తుమందు అయితే 10 గ్రాములే. మన దగ్గర కల్లులో కలుపుతారే, ఆ ఆల్ఫ్రాజోలం 100 గ్రాములు దాటితే చాలు. కాబట్టి "డ్రగ్స్ కేసు" అన్న మాటతో భయపడి కూర్చోవద్దు. సరుకేంది, బరువెంత, అది ఎవరి చేతిలో ఉంది, ఈ మూడు తెలుసుకోండి.

బెయిల్ కూడా దీని మీదే ఆధారపడి ఉంటుంది. వాణిజ్య పరిమాణం అయితే 37వ సెక్షన్ అడ్డం పడుతుంది. ప్రభుత్వం తరఫున వాదించే పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ) వ్యతిరేకిస్తే, నిందితుడు ఈ నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయని, బయటికొచ్చి మళ్లీ చేయడని జడ్జికి నమ్మకం కుదరాలి. అది మామూలు విషయం కాదు. అంతకన్నా తక్కువైతే ఆ అడ్డు లేదు. మన వైపు హాస్టల్ రూముల్లో, బైకుల మీద దొరికే పిల్లల కేసులు చాలావరకు ఈ రెండో రకమే. అయినా బ్రోకర్లు అందరికీ 37వ సెక్షన్ పేరు చెప్పే భయపెడతారు.

ఇదంతా నాకు షాపులో కూర్చుని కొంత తెలుసు. మా అక్క కొడుకు దొరికాక పూర్తిగా తెలిసింది. డిగ్రీ చదివే పిల్లాడు, హంటర్ రోడ్డు వైపు రూములో ఉండేవాడు. ఇంకో ఇద్దరితో కలిసి బైకు మీద పోతుంటే పట్టుకున్నారు. ప్యాకెట్ వేరేవాడి ఒళ్లో ఉంది, బైకు నడుపుతున్నది మావాడు. ముగ్గురి మీదా రాశారు, వీడు ఏ2, అంటే రెండో నిందితుడు. సంగతి స్టేషన్ నుంచి మాకు రాలేదు, వాడి రూమ్మేట్ ఫోన్ చేస్తే తెలిసింది. అరెస్టు చేస్తే ఆ సంగతి ఇంట్లోవాళ్లకో, నిందితుడు చెప్పిన మనిషికో వెంటనే చెప్పాలని చట్టంలోనే ఉంది. 2024 జులై 1 నుంచి సీఆర్పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం, బీఎన్ఎస్ఎస్‌లో అది 48వ సెక్షన్. ఎందుకు అరెస్టు చేశారో కారణాలు కూడా నిందితుడికి అర్థమయ్యేలా చెప్పాలి. అలా చెప్పకపోతే ఆ అరెస్టే చెల్లదని సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో తేల్చి చెప్పింది. 24 గంటల్లోపు, ప్రయాణానికి పట్టే సమయం తీసేసి, మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. అందుకే పిల్లాడిని ఎన్ని గంటలకు, ఎక్కడ పట్టుకున్నారో మీకు తెలిసినప్పుడే రాసి పెట్టుకోండి. అరెస్టు మెమోలో రాసిన టైముకూ మీ టైముకూ తేడా ఉంటే వకీలుకు అది పనికొస్తుంది.

మా అక్క ఏడుస్తూనే ఉంది. బావ మాత్రం ఫోన్ల మీద ఫోన్లు. రాత్రి పదికల్లా ఎవరో దొరికాడు, మూడు లక్షలిస్తే వారంలో బయటికి తెస్తానని, అందరినీ తానే చూసుకుంటానని. బావ చిట్టీ పైసలు ఎత్తడానికి సిద్ధమయ్యాడు. నేను ఒద్దన్నాను. "బావా, గాయనకు బరువెంతో తెల్వదు, సెక్షనేందో తెల్వదు. గింత కూడా తెల్వకుండ వారంల ఎట్ల తెస్తడు?" ఫలితం మీద ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారమే తప్పు. బెయిల్ వస్తే ఇంత, రాకపోతే ఏం వద్దు అనే మనిషి వకీలైనా నమ్మకండి, వకీలు కాకపోతే అసలు మాట్లాడకండి. జడ్జి పేరు, పీపీ పేరు చెప్పి పైసలు అడిగినవాడి దగ్గర ఒక్క నిమిషం కూడా కూర్చోకండి.

మేం పోయింది పెద్ద పేరున్న వకీలు దగ్గరికి కాదు. సెషన్స్ కోర్టులో ఎన్డీపీఎస్ కేసులు చేస్తున్న ఒక మేడం దగ్గరికి. ఆమె పిటిషన్లు నేను టైపు చేసేవాడిని, ఒక్క తేదీ తప్పు పడినా వెనక్కి పంపేది. నేను ఆమెను ఎంచుకున్నది అందుకే. ఆమె మొదట అన్నమాట, "రిమాండ్ రిపోర్టు, పంచనామా తెచ్చినంక మాట్లాడుకుందాం, ముందైతే పిల్లాడిని చూసి వస్తా." అడ్వకేట్‌ను కలిసే హక్కు ఇంటరాగేషన్ జరుగుతున్నప్పుడే ఉంది. మొత్తంసేపు పక్కన కూర్చోనివ్వరు కానీ, కలవనివ్వాలి. అది బీఎన్ఎస్ఎస్ 38వ సెక్షన్. నచ్చిన వకీలును పెట్టుకునే హక్కు రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉంది.

స్టేషన్‌లో మావాడికి ఆమె చెప్పింది రెండు ముక్కలే. నీ పేరు, ఊరు, తల్లిదండ్రుల పేర్లు అడిగితే చెప్పు. సరుకు ఎక్కడిది, ఎవరు ఇచ్చారు, ఎన్నిసార్లు తెచ్చావు అంటే, నా వకీలుతో మాట్లాడి చెప్తానను. తనకు వ్యతిరేకంగా తాను సాక్ష్యం చెప్పాలని ఎవరినీ బలవంతపెట్టకూడదు, అది రాజ్యాంగం 20(3) అధికరణం. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో సాక్ష్యం కాదు. ఎన్డీపీఎస్ అధికారులు 67వ సెక్షన్ కింద రాయించుకున్న ఒప్పుకోలు కూడా చెల్లదని సుప్రీంకోర్టు 2020లో తోఫాన్ సింగ్ కేసులో చెప్పింది. అయినా రాయించుకుంటారు, సంతకాలు పెట్టించుకుంటారు. ఆ మాటల్లోంచి ఇంకో నలుగురి పేర్లు కేసులోకి వస్తాయి. ఖాళీ కాగితం మీద మాత్రం ఎట్టి పరిస్థితుల్లో సంతకం పెట్టవద్దు. ఇంట్లోవాళ్లకు కూడా ఒక మాట: పిల్లాడి ఫోన్లో చాట్‌లు తుడిపేయడానికి కూర్చోకండి. సాక్ష్యాలు మాయం చేశారని అదో కొత్త కేసు అవుతుంది.

మరుసటి రోజు మేజిస్ట్రేట్ రిమాండ్ చేశారు. వరంగల్ సెంట్రల్ జైలును 2021లో కూల్చి అక్కడ ఆసుపత్రి కట్టడం మొదలుపెట్టిన సంగతి తెలిసిందే కదా, ఖైదీలను అప్పుడే వేరే జైళ్లకు తరలించారు. మావాడిని ఖమ్మం పంపారు. ములాఖత్ కోసం అక్క తెల్లారుజామున బస్సెక్కేది. జైలు ఊళ్లోనే ఉన్నప్పుడు తెలియని ఖర్చూ, అలసటా ఇప్పుడు ఈ తల్లులు పడుతున్నారు.

రిమాండ్ రిపోర్టు, పంచనామా కాపీలు మా షాపులోనే తీశాను. మేడం పంచనామా ముందేసుకుని పెన్సిల్‌తో లైను లైను చదివింది. ఒకచోట ఆగి గీత గీసింది. "నల్ల పాలిథీన్ కవరులో ఆకులు, కాడలు, పూమొగ్గలతో కూడిన ఎండు గంజాయి, కవరుతో సహా తూకం 1 కిలో 120 గ్రాములు" అని ఉంది. "కవరుతో సహా" కింద ఒక గీత, "ఆకులు, కాడలు" కింద రెండు గీతలు. చట్టంలో గంజాయి అంటే మొక్క పూత, కాయ కొసలు. ఆ కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు అందులోకి రావు. కవరు, కాడలు తీసి తూచి ఉంటే అది కిలో లోపే ఉండేదని వాదించవచ్చన్నది ఆమె. కిలోకు అటు ఏడాది, ఇటు పదేళ్లు. 120 గ్రాముల దగ్గర పిల్లాడి బతుకు తూగుతుంటే, మూడు లక్షలు అడిగిన ఆ మనిషి ఈ కాగితం చదివి ఉండేవాడా? ఆ వాదన చివరికి నిలుస్తుందో లేదో విచారణలో తేలాలి, ఆ మాట ఆమే చెప్పింది. బెయిల్ పిటిషన్‌లో మాత్రం అదే మొదటి పాయింటు. టైపు చేసింది నేనే.

తర్వాత సోదా సంగతి. ఒంటి మీద వెతికితే, గెజిటెడ్ అధికారి గానీ మేజిస్ట్రేట్ గానీ ఉండగా సోదా చేయించుకునే హక్కు నీకుందని ముందే చెప్పాలి. ఇది 50వ సెక్షన్. ఏదో మొక్కుబడిగా అడిగాం అంటే కుదరదని రాజ్యాంగ ధర్మాసనం 2010లో విజయ్‌సింహ్ జడేజా కేసులో చెప్పింది. ఆడవాళ్లను ఆడవాళ్లే సోదా చేయాలి. కానీ బ్యాగులోనో, బండి డిక్కీలోనో దొరికితే ఈ సెక్షన్ పనికిరాదు, అది 2005 నుంచీ ఉన్న తీర్పు. మల్కన్‌గిరి వైపు నుంచి భద్రాచలం, ఖమ్మం మీదుగా బస్సుల్లో, రైళ్లలో వచ్చి కాజీపేట స్టేషన్‌లో బ్యాగుతో దొరికేవాళ్ల కేసుల్లో ఈ వాదన నడవదు. "50 పాటించలేదు, కేసు కొట్టేపిస్తా" అని ఎవరైనా అంటే, సరుకు ఒంటి మీద దొరికిందా, బ్యాగులోనా అని అడగండి. శాంపిళ్లు మేజిస్ట్రేట్ సమక్షంలో తీశారా లేదా అన్నది కూడా చూడాలి. అది 52ఏ సెక్షన్.

ఫీజు విషయం. మేడం బెయిల్‌కు ఒక మొత్తం, విచారణకు వేరే మొత్తం చెప్పి, ఏ దశలో ఎంతో కాగితం మీద రాసిచ్చింది. ఇలా అడిగితే మంచి వకీళ్లెవరూ తప్పు పట్టరు. వకాలతు మీద సంతకం పెట్టేముందు చదవండి, పిల్లాడి సంతకం జైలు ద్వారా వస్తుంది. వకీలుకు మాత్రం మొత్తం నిజం చెప్పండి. మీరు చెప్పింది ఆయన బయట పెట్టకూడదని చట్టమే ఉంది. నచ్చకపోతే నో అబ్జెక్షన్ తీసుకుని ఇంకో వకీలుకు మారవచ్చు.

పైసలు లేనివాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇది: కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయం ఎంతున్నా ఉచితంగా వకీలును ఇస్తారు. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు కూడా అంతే. ఫోన్ నంబరు 15100. ప్రభుత్వ వకీలు అంటే పట్టించుకోరని మనవాళ్లు మొహం తిప్పుకుంటారు. మా షాపులో ఆ సంస్థ వకీళ్లు పిటిషన్ల కోసం కూర్చునే గంటలు చూస్తే ఆ మాట అనరు. అప్పు చేసి బ్రోకర్‌కు ఇవ్వడం కన్నా ఇది వంద రెట్లు నయం.

మావాడికి బెయిల్ వచ్చింది. ఇద్దరు షూరిటీలు, వారానికోసారి స్టేషన్‌లో సంతకం, అనుమతి లేకుండా జిల్లా దాటొద్దన్న షరతు. ఒకవేళ రాకపోయి ఉంటే, 60 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే 61వ రోజున డిఫాల్ట్ బెయిల్ అడగాలని మేడం ముందే తేదీ లెక్కగట్టి పెట్టింది. వాణిజ్య పరిమాణం అయితే 180 రోజులు, పీపీ కోరితే ఏడాది దాకా కూడా పొడిగించవచ్చు. ఈ బెయిల్ దానంతట అది రాదు. తేదీ దాటి, చార్జిషీటు పడకముందే పిటిషన్ పెట్టాలి.

వాడు తాగుతున్నాడన్నది నిజం. ఇంట్లో అది ఒప్పుకోవడానికే అక్కకు చాలాకాలం పట్టింది. అలవాటు పడినవాడు తనంతట తాను చికిత్సకు పోయి పూర్తి చేస్తే, చిన్న పరిమాణం కేసుల్లోనూ, వాడకం కేసుల్లోనూ 64ఏ సెక్షన్ కింద ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు అడగవచ్చు. మావాడి మీద కిలో పైన రాశారు కాబట్టి అది నేరుగా వర్తించదు. అయినా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపిస్తున్నాం. కేసు కోసం కాదు, వాడి కోసం. ఇంట్లో ఇట్లాంటి పిల్లలున్నవాళ్లు కేసు పడేదాకా ఆగకండి, 14446కు ఫోన్ చేయండి, అది డీ అడిక్షన్ హెల్ప్‌లైన్.

ఇప్పుడు వాయిదాలు నడుస్తున్నాయి. సెమిస్టర్ పరీక్ష, వాయిదా ఒకే రోజు పడ్డప్పుడు బావ, "పోనీ తియ్, వకీలమ్మ చూసుకుంటది" అన్నాడు. అట్ల కుదరదు. చెప్పకుండా మానేస్తే నాన్ బెయిలబుల్ వారెంట్ వస్తుంది, బెయిల్ కూడా పోతుంది. హాల్ టికెట్ జిరాక్స్ పెట్టి ఆబ్సెంట్ పిటిషన్ వేయించాం. జడ్జిగారు అనుమతించారు. వాడు పరీక్ష రాసొచ్చాడు. ఆ హాల్ టికెట్ కాపీ, పిటిషన్ కాపీ, ఇంతవరకు పడ్డ ప్రతి వాయిదా తేదీ ఒక ఫైల్లో పెట్టి అక్క చేతికిచ్చాను. ఎవరింట్లో కేసున్నా ఇట్లాంటి ఫైలు ఒకటి ఇంట్లో ఉంచుకోండి, అన్నీ వకీలు ఆఫీసులోనే ఉన్నాయి కదా అనుకోవద్దు.