చెరువొడ్డు చెక్క ఇంటికి ఇంకో గది: ఆనించొద్దు, పక్కన నిలపండి

డిండి జలాశయం దగ్గరో కోయిల్‌సాగర్ జలాశయం దగ్గరో పొలంలో చెక్క ఇల్లు ఉందనుకోండి. 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు, పైన మంగళూరు పెంకు. ఇంకో గది కావాలి. చూరును అలాగే ముందుకు దించి కింద గోడ కట్టేద్దామన్న ఆలోచనే అందరికీ మొదట వస్తుంది. లెక్క వేసి చూడండి. పెంకుకు 30 డిగ్రీల వాలు కావాలి, అంటే అడుగు ముందుకు జరిగితే దాదాపు 7 అంగుళాలు దిగుతుంది. 8 అడుగుల ఎత్తున్న చూరు నుంచి 10 అడుగులు ముందుకు పోతే 5 అడుగుల 10 అంగుళాలు దిగి, బయటి గోడకు రెండడుగుల చిల్లర మిగులుతుంది. అందులో మనిషి నిలబడలేడు. అందుకని వాలు తగ్గిస్తారు. వాలు తగ్గిన పెంకు మామూలు వానకు ఆగుతుంది గానీ, గాలితో కొట్టే వానకు నీళ్లు పెంకు కిందికి ఎగబాకుతాయి. రెండు వానాకాలాల్లో వాసాలు నల్లబడతాయి.

వాలు కంటే పెద్ద చిక్కు పునాదిది. పాత ఇల్లు ఎప్పుడో కుంగాల్సినంత కుంగి కుదురుకుంది. కొత్తది మొదటి రెండు మూడు వానాకాలాల్లో కుంగుతుంది. రెండింటినీ మేకులతో బిగిస్తే చీలేది ఆ అతుకే. కాబట్టి కొత్త గదికి దాని కాళ్లు దానికే ఉండాలి, దాని కప్పు దానికే ఉండాలి. పాత ఇంటి కొప్పు వరుసలోనే, త్రికోణపు గోడకు ఎదురుగా నాలుగడుగులు వదిలి 12×10 గది నిలపండి. మధ్యలో నడవ. అప్పుడు రెండు కప్పుల నీళ్లూ రెండు పక్కలకే పోతాయి, నడవ మీద పడవు. లోయలా వాలే మూల ఎక్కడా ఉండదు, ఆకులు పేరుకునే చోటూ ఉండదు.

గీత గీసే ముందు హద్దు చూసుకోవాలి. ఏప్రిల్‌లో నీళ్లు ఎంత దూరం పోయాయో చూసి ఒడ్డు నిర్ణయించకూడదు. కొల్లాపూర్ వైపు సోమశిల దగ్గర కనిపించేవి శ్రీశైలం జలాశయం నీళ్లే, దాని పూర్తి మట్టం సముద్రమట్టం నుంచి 885 అడుగులు. నాగార్జునసాగర్‌ది 590. చెరువులకూ అంతే, ఎఫ్‌టీఎల్ గీతే, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దే లెక్క. 2012 నాటి భవన నియమాల్లో (జీవో 168) 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువు హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు వదలాలని ఉంది. పాత ఇల్లు ఇప్పటికే ఆ గీతకు దగ్గరగా ఉంటే కొత్త గది ఒడ్డుకు దూరంగా జరిగే దిక్కునే పెరగాలి. శిఖం భూమిలోనైతే, అంటే చెరువు నిండితే మునిగే భూమిలోనైతే, అసలు ఆలోచనే వద్దు.

పునాదికి మన దగ్గర రాతి కడీలకు (నిలువు రాతి స్తంభాలకు) మించింది లేదు. కంచెకు పాతే సన్నవి పనికిరావు. 8 అంగుళాల చదరం, 6 అడుగుల పొడవు ఉన్నవి తొమ్మిది కావాలి. 12 అడుగుల వైపు ఆరేసి అడుగులకు, 10 అడుగుల వైపు అయిదేసి అడుగులకు ఒకటి. నాలుగడుగులు భూమిలో, రెండడుగులు పైన. ఎర్రచల్క అయితే గుంత మొరం తగిలేదాకా తవ్వి, అడుగున 6 అంగుళాల కాంక్రీటు వేసి కడీ నిలపండి. నల్లరేగడిలో తవ్విన మట్టినే తిరిగి పోయడం అందరూ చేసే తప్పు. రేగడి వానకు ఉబ్బి రాయిని పట్టుకుని పైకి లేపుతుంది, ఎండకు వదిలేస్తుంది. చుట్టూ మొరమే పోసి, 6 అంగుళాలకొకసారి దిమ్మిస కొట్టాలి. రేగడి నాలుగైదు అడుగులు దాటినా మొరం దొరకకపోతే కడీలు వదిలేసి 3.5 మీటర్ల లోతు అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగు దగ్గర ఉబ్బెత్తుగా వెడల్పు చేసి పోసే కాంక్రీటు స్తంభాలు) వేయించడమే మేలు.

ఆ రెండడుగుల ఎత్తు అందం కోసం కాదు. కిందికి వంగి చూస్తే చెదల మట్టి దారులు కంటికి కనిపించాలి. ప్రతి కడీ తల మీద జీఐ రేకు టోపీ పెట్టి, అంచులు రెండంగుళాలు బయటికి వదిలి కిందికి వంచండి. చెద ఆ అంచు దాటడానికి కనిపించేలా దారి కట్టాల్సిందే. నేలలో క్లోరోపైరిఫాస్ అనే చెదల మందు పోయించమని చాలామంది చెబుతారు. అది చేపలకు విషం, చెరువొడ్డున వాడకూడదు. లోపలి కర్రకు బోరాక్స్ మూడు పాళ్లు, బోరిక్ యాసిడ్ రెండు పాళ్లు వేడినీళ్లలో కలిపి పూస్తే చాలు. వానకు కడుక్కుపోతుంది కాబట్టి బయటి పలకలకు మాత్రం ఇది దండగ.

కడీల మీద 4×6 అంగుళాల దూలాలు మూడు, 12 అడుగుల వైపు. కడీ తలలో రంధ్రం వేయించి 12 ఎంఎం రాడ్ దిగ్గొట్టి, టోపీకి పడ్డ రంధ్రం తారుతో మూసి, పైన దూలాన్ని నట్టుతో బిగించాలి. చెక్క ఇల్లు తేలిక, మే నెల గాలిదుమారానికి కుంగదు, లేస్తుంది. దూలాల మీద 2×4 కట్టెలు 16 అంగుళాలకొకటి, మొత్తం పది. దూలాలకు నల్లమద్ది బాగుంటుంది, బరువూ గట్టిదనమూ ఉన్న కట్టె. కాకపోతే ఆరేటప్పుడు పగులుతుంది, ఆరింది చూసే కొనాలి. బయటి పలకలకు టేకు. పాత పెంకుటిళ్లు విప్పినప్పుడు వచ్చే టేకు దూలాలు దొరికితే వదలొద్దు, ఆరాల్సినంత ఆరి ఉంటాయి. ఏ కట్టెలోనైనా చేవే, అంటే లోపలి ముదురు భాగమే నిలుస్తుంది. అంచున ఉండే తెల్లకట్టె ఉన్న పలక ఎంత చౌకైనా వద్దు.

ఇక పలకల మధ్య సందు. దీని మీద వడ్లాయనతో ముందే మాట్లాడుకోండి. 6 అంగుళాల టేకు పలక వేసవికీ వానాకాలానికీ మధ్య 2 మిల్లీమీటర్ల పైచిలుకు మారుతుంది. మే నెలలో బిగిస్తే 3 మిల్లీమీటర్లు వదలాలి, లేకపోతే శ్రావణంలో నేల పలకలు ఉబ్బి పైకి లేస్తాయి. ముసురు రోజుల్లో బిగిస్తే దగ్గరగా పెట్టండి, సందు ఎండకు దానంతట అదే వస్తుంది. గోడ పలకలు ఒకదాని మీదొకటి అంగుళం ఎక్కేలా వేసి, ప్రతి పలకకూ ఒకే వరుస మేకులు కొట్టాలి. పైనా కిందా రెండు వరుసలు కొడితే పలక కదల్లేక నిలువునా చీలుతుంది. మామూలు ఇనుప మేకుల చుట్టూ తడికి నల్ల మరకలు దిగుతాయి, స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలే వాడండి.

నడవను 12 అడుగుల వెడల్పంతా మూయక్కర్లేదు. మధ్య నుంచి పొలం వైపు ఆరడుగులు మూస్తే చాలు. చెరువు వైపు సగం తెరిచి ఉంచితే సాయంత్రం గాలి ఆ సందులోంచే ఇంట్లోకి వస్తుంది. నడవ పైకప్పు రేకు మధ్యలో 8 అడుగుల ఎత్తున మొదలై పొలం వైపు 7 అడుగులకు దిగాలి. ఆరడుగులకు అడుగు వాలు రేకుకు సరిపోతుంది. రేకును రెండు వైపులా గోడ వెంట 6 అంగుళాలు పైకి మడిచి, దాని మీదికి అల్యూమినియం పట్టీ దించండి. పట్టీని గోడకే బిగించాలి, రేకుకు బిగించకూడదు. గది కుంగినా పట్టీ కింద రేకు జారుతుంది, అతుకు చిరగదు.

నేల పలకల సంగతీ ఇదే. పాత ఇంటి వైపు స్క్రూలతో బిగించి, కొత్త గది వైపు దూలం మీద ఊరికే ఆనించి అంగుళం ఖాళీ వదలండి. ఆ ఖాళీలో సిమెంటు నింపనివ్వొద్దు. మేస్త్రీలు అడగకుండానే నింపేస్తారు. రెండు వానాకాలాలు గడిచాక అక్కడ ఎత్తు తేడా కొలిచి, ఆ మేరకు దూలం కింద రేకు ముక్కలు పెట్టి సరిచేస్తే సరిపోతుంది.