188 కిలోల పక్కన ఊరి పేరు

స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో 2014 కామన్వెల్త్ క్రీడల వెయిట్‌లిఫ్టింగ్ జరిగిన హాలును అక్కడివాళ్లు ఆర్మడిల్లో అంటారు. క్లైడ్ నది ఒడ్డున, వెండి రంగు పెంకులు ఒకదాని మీద ఒకటి కప్పినట్టు ఉంటుంది. ఆర్మడిల్లో అనే జంతువును నేనెప్పుడూ చూడలేదు. అందుకే అమ్మకు ఫోన్‌లో "అలుగు ముడుచుకుని పడుకున్నట్టుందమ్మా" అని చెప్పాను. ఆమెకు వెంటనే తెలిసిపోయింది.

మాది ఆమదాలవలస. స్టేషన్ బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది గానీ, రైలు దిగేవాళ్లెవరూ ఆ పేరు పలకరు. మా మండలంలోదే ఊసవానిపేట, కరణం మల్లీశ్వరి పెరిగిన ఊరు. 2000 సెప్టెంబరులో సిడ్నీలో ఆమె 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో (ఒకే ఊపులో తల మీదికి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తల మీదికి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ మా పక్క ఊరావిడ. నాన్న పేపరు తెచ్చి ఆ మూడు అంకెలూ నాతో పైకి చదివించారు. 240 కిలోలంటే ఎంతని అడిగితే, రెండున్నర బస్తాల బియ్యం కన్నా కాస్త తక్కువ అన్నారు. మా బజారులో బియ్యం బస్తా 100 కిలోలుండేది.

2014 జులైకి నేను స్కాట్లాండ్‌లో జర్నలిజం పీజీ చివర్లో ఉన్నాను. జులై 23 నుంచి ఆగస్టు 3 వరకు గ్లాస్గోలో కామన్వెల్త్ క్రీడలు. వార్తలు రాసే విభాగంలోకి విద్యార్థులను వాలంటీర్లుగా తీసుకుంటున్నారని తెలిసి దరఖాస్తు పెట్టాను. జీతం లేదు. అప్పటికి వారానికి 20 గంటలు ఒక కిరాణా షాపులో పని చేసేదాన్ని, వీసా అంతకన్నా ఒప్పుకోదు. గది అద్దె ఆ డబ్బుతోనే. షాపు ఆయన సెలవు ఇవ్వనన్నారు. దాంతో ఆ రోజుల్లో పగలు హాల్లో, రాత్రి షాపులో సరుకు సర్దడం. అక్కడ జులైలో రాత్రి తొమ్మిదిన్నరకీ వెలుతురు పోదు కాబట్టి షాపుకు వెళ్తుంటే సాయంత్రం డ్యూటీకి వెళ్తున్నట్టే ఉండేది. అలసట తెల్లారాక తెలిసేది.

మా పని పేరు ఫ్లాష్ కోట్స్. పోటీ అయిపోయి క్రీడాకారులు లోపలికి వెళ్లే దారిలో నడుమెత్తు కంచె ఉంటుంది, దాన్ని మిక్స్‌డ్ జోన్ అంటారు. ముందు టీవీవాళ్లు, తర్వాత వార్తా ఏజెన్సీలు, ఆ తర్వాత పత్రికలవాళ్లు, చివర మేము. ఊపిరి కూడా తీసుకోని మనిషిని ఒకటి రెండు ప్రశ్నలు అడిగి, చెప్పింది చెప్పినట్టు టైప్ చేసి నిమిషాల్లో పంపాలి. దాన్ని ప్రపంచంలో ఎవరైనా వాడుకోవచ్చు, కింద మా పేరుండదు. పేరు లేకపోయినా నాకు బాధ లేదు. ఒక మాట తప్పు వింటే అది అన్ని దేశాల పేపర్లలోకీ తప్పుగానే వెళ్తుందన్న టెన్షన్ మాత్రం రోజూ ఉండేది.

మొదటి రోజే మణిపూర్ అమ్మాయిలు సంజితా చాను బంగారం, మీరాబాయి చాను వెండి గెలిచారు. రెండో రోజు, జులై 25న, 53 కిలోల విభాగం. పేర్ల పట్టీలో మత్స సంతోషి అని చూడగానే నా చెయ్యి ఆగిపోయింది. ఆ అమ్మాయిది విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలం కొండవెలగాడ. మా మేనత్త ఉండేది నెల్లిమర్లలోనే. చిన్నప్పుడు సెలవులకు వెళ్లినప్పుడల్లా మామయ్య ఆ ఊరి సంగతి చెప్పేవారు. ఆ ఊళ్లో పిల్లలు బరువులెత్తుతారు, ఆ బరువులతోనే ఉద్యోగాలు తెచ్చుకుంటారు అని. విన్నాను గానీ, ఒక్కసారీ వెళ్లి చూడలేదు. పక్కనున్న ఊరు చూడకుండా సముద్రాలు దాటి వచ్చి, దాని పేరు ఇక్కడ కాగితం మీద చూస్తున్నాను.

నాకు ఆ రోజు అప్పగించింది భారత జట్టును కాదు, పాపువా న్యూ గినీని. వాళ్ల తరఫున డికా టౌవా. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్లు. పోటీకి ముందు రాత్రి ఆమె వివరాలు చదువుతుంటే నిద్ర ఎగిరిపోయింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు వెయిట్‌లిఫ్టింగ్ పెట్టింది మొదటిసారి 2000లో, సిడ్నీలోనే. ఆ ఒలింపిక్స్‌లో అందరికన్నా ముందు వేదిక ఎక్కి బరువెత్తిన మహిళ ఈ టౌవానే, పదహారేళ్ల వయసులో. కొద్ది రోజులకు అక్కడే మా మల్లీశ్వరి కంచు గెలిచింది. టౌవాది వాళ్ల రాజధాని పోర్ట్ మోర్స్‌బీ పక్కన సముద్రం ఒడ్డున ఉన్న హనుఆబాదా. ఆ దేశపు లిఫ్టర్లలో చాలామంది ఆ ఒక్క ఊరివాళ్లే. ఎక్కడి హనుఆబాదా, ఎక్కడి కొండవెలగాడ!

హాల్లో మూడు వేల మంది కూర్చునే చోటు ఉంది. బరువు మీద చేతులు పడగానే అంతమందీ నోరు మూస్తారు. టీవీలో తెలియనిది ఆ నిశ్శబ్దమే. ఎత్తడం మొదలుపెట్టడానికి గడియారం మీద ఒక్క నిమిషం. ఆడవాళ్ల బార్ ఒక్కటే 15 కిలోలు, దాని మీద ఎర్ర చక్రం 25, నీలం 20, పసుపు 15, ఆకుపచ్చ 10. ముగ్గురు రిఫరీల్లో ఇద్దరు తెల్ల దీపం వేస్తే ఎత్తినట్టు. సంతోషి స్నాచ్‌లో 83, క్లీన్ అండ్ జెర్క్‌లో 105 ఎత్తింది. మొత్తం 188. నైజీరియా అమ్మాయి చికా అమలాహా 196తో బంగారం, టౌవా 193తో వెండి, సంతోషికి కంచు. మన స్వాతి సింగ్ 183తో నాలుగో స్థానం. సంతోషి పేరు పక్కన తెర మీద మూడే ఇంగ్లీషు అక్షరాలు, ఐ, ఎన్, డి. మిగిలిందంతా, అంటే ఊరు, ఇల్లు, చిన్నప్పుడు ఎత్తిన మొదటి బరువు, ఆ మూడు అక్షరాల్లో ఎక్కడా లేదు.

మిక్స్‌డ్ జోన్‌లో నేను టౌవా ముందు నిలబడ్డాను. సిడ్నీ గురించి అడిగాను. చెప్పింది రాసుకుంటూ ఆమె చేతులు చూశాను. అరచేతుల మీద పూసుకున్న తెల్ల సున్నం లాంటి పొడి వేళ్ల గీతల్లో అలాగే ఉంది. అప్పుడే కంచెకు అవతలి వైపు, నాకు పది అడుగుల దూరంలో, సంతోషి మన దేశం నుంచి వచ్చిన రిపోర్టర్లతో మాట్లాడుతోంది. నా రికార్డరు ఆపితే తప్పు, ఆపకపోతే ఆమె వెళ్లిపోతుంది. ఆపలేదు. నేను టైప్ చేసి తల ఎత్తేసరికి ఆమె పతకం వేయించుకోవడానికి వెళ్లిపోయింది. తెలుగులో ఒక్క మాట, కనీసం "ఎలా ఉన్నావమ్మా" అని, పలకరించలేకపోయాను. పని సరిగ్గానే చేశాను. అయినా ఈ రోజుకీ ఆ పది అడుగులు గుర్తొస్తాయి.

ఆ రాత్రి షాపు నుంచి అత్తకు ఫోన్ చేశాను. అక్కడ తెల్లవారుతోంది.

"అమ్మీ, సూసినావేటి? మన కొండవెలగాడ గుంట!"

"చూశానత్తా. ఎదురుగానే ఉన్నాను."

"మాటాడినావా?"

సమాధానం చెప్పడానికి నాకు కాస్త టైం పట్టింది.

నాలుగు రోజుల తర్వాత అమలాహా డోపింగ్ పరీక్షలో దొరికిందని తెలిసింది. రెండో శాంపిల్ కూడా చూసి ఆగస్టు 1న పతకం వెనక్కి తీసుకున్నారు. దొరికినవి అమిలోరైడ్, హైడ్రోక్లోరోథయజైడ్. రెండూ ఒంట్లో నీరు బయటకు పంపే మందులు. బరువు తగ్గడానికీ, వేరే మందుల జాడ కనపడకుండా చేయడానికీ వాడతారని వాటిని నిషేధించారు. రెండో పేరు నాకు కొత్త కాదు, మా మామ్మ బీపీ మాత్రల అట్ట మీద చిన్నప్పటి నుంచీ చదివిందే. టౌవాకు బంగారం, సంతోషికి వెండి, స్వాతికి కంచు వచ్చాయి. ఊళ్లో అందరూ సంబరపడ్డారు, నేనూ పడ్డాను. హక్కుగా రావలసింది వచ్చింది. కానీ అమలాహాకు అప్పుడు పదహారేళ్లు, సిడ్నీలో మొదటి బరువెత్తిన టౌవా వయసు. ఆ మాత్ర ఆమె చేతిలో ఎవరు పెట్టి ఉంటారన్న ఆలోచన నన్ను వదల్లేదు.

పతకం మారాక మన దగ్గర ఒక పత్రికకు కొండవెలగాడ గురించి ఆరు వందల మాటలు రాసి పంపాను. జూన్ 2న రాష్ట్రం విడిపోయి రెండు నెలలే అయింది కాబట్టి, కొత్త ఆంధ్రప్రదేశ్‌కు ఒక మూలన ఉన్న పల్లె నుంచి వచ్చిన వెండి అని మొదలుపెట్టాను. రెండు వాక్యాలు వేశారు, ఊరి పేరు తీసేశారు. ఆగస్టు 3న పారుపల్లి కశ్యప్ బ్యాడ్మింటన్ సింగిల్స్‌లో బంగారం గెలిచాడు, 1982లో సయ్యద్ మోదీ తర్వాత మన పురుషులకు అదే మొదటిది. ఆ పేజీ అంతా అతనిదే అయింది. అతను గెలిచిన తీరుకు ఆ పేజీ తగినదే. నా బాధ పేజీ గురించి కాదు. ఊరి పేరు వేయడానికి ఒక్క మాట చోటు చాలు. ఫలానా ఊరి పిల్ల అని రాయకపోతే ఆ గెలుపు ఎలా సాధ్యమైందో చదివేవాళ్లకు తెలియదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అదే అంటాను. ఆ తర్వాత ఏ దేశపు ఆటగాళ్ల గురించి రాసినా ఊరి పేరు కనుక్కోకుండా పంపలేదు.

మరుసటి సంక్రాంతికి ఇంటికి వచ్చి, అత్తను తీసుకుని కొండవెలగాడ వెళ్లాను. ఒక షెడ్డులో చక్రాలు గోడకు ఆనించి ఉన్నాయి. రంగు పోయి ఏది 20, ఏది 15 అన్నది అంచు మీద అంకె చూసి పోల్చుకోవాల్సిందే. పిల్లలు పది మంది దాకా ఉన్నారు. గ్లాస్గో పోటీలకు వెళ్లినావిడ వచ్చిందని అత్త అందరికీ చెప్పేసింది.

ఒక అమ్మాయి బార్ దించి నా దగ్గరికి వచ్చింది. "అక్కా, అక్కడ బార్ కూడా ఇదేనా?"

"ఇదేనమ్మా. 15 కిలోలే."

కాసేపు ఊరుకుని మళ్లీ అడిగింది. "ఆ నైజీరియా అమ్మాయికి పదహారంట కదక్కా?"

"అవును."

"నాకూ పదహారే" అని, చేతులకు పొడి రాసుకోవడానికి వెళ్లింది.