ఎనిమిది 'పి'లు

పొద్దున్న ఆరింటికే చెల్లో (వయొలిన్ లాంటిదే, ఇంకా పెద్ద వాద్యం) పెట్టె తెరిచాను. వారం రోజులుగా ఒక్క స్వరం దగ్గరే ఆగిపోయి ఉన్నాను. స్వరకర్త లిగెటి రాసిన చెల్లో కాన్చెర్టోలో, అంటే ఆర్కెస్ట్రాతో కలిసి చెల్లో ప్రధానంగా వాయించే రచనలో, మొట్టమొదటి స్వరం. సంగీతలిపిలో 'పి' అని ఒకటి ఉంటే తక్కువ చప్పుడుతో, రెండుంటే ఇంకా తక్కువ చప్పుడుతో వాయించమని అర్థం. ఆ మహానుభావుడు ఏకంగా ఎనిమిది 'పి'లు రాశాడు. అది చాలదన్నట్టు మోత తగ్గించే మ్యూట్ కూడా తగిలించమన్నాడు. శూన్యంలోంచి వచ్చినట్టుండాలట. ఎప్పుడు మొదలైందో వినేవాళ్లకు తెలియకూడదు.

వాయించేవాళ్లకైనా తెలియాలి కదా! అక్కడే ఉంది చిక్కు. కమానును తీగ మీద ఆనించాక కదిపితే 'క్' మంటుంది. కాబట్టి కమాను వెంట్రుకలు తీగను తాకే ముందే చేయి కదులుతూ ఉండాలి. మరీ తేలిక చేస్తే తీగ పలకదు, కమానుకు రాసే రోజిన్ పొడి ఇసుకలా గీరుకోవడమే వినిపిస్తుంది. తీగలను మోసే బ్రిడ్జికి దూరంగా జరిగితే కాస్త నయం. అరగంట కుస్తీ పట్టాక ఒకసారి వచ్చినట్టే అనిపించింది. ఊపిరి బిగబట్టి విన్నాను. వంటగదిలో ఫ్రిజ్ రొద!

కాఫీ కలుపుకుంటుంటే మొన్న పిన్ని ఫోనులో అన్న మాట మళ్లీ గుర్తొచ్చింది. "కచేరీలు తగ్గాయా అమ్మా? పాఠాలు చెప్పుకుంటున్నావట." ఆమె మనసులో ఏమీ లేదు. కానీ "చెబుతున్నావట" అని ఉంటే ఊరుకునేదాన్ని. ఆ "చెప్పుకుంటున్నావట" మూడు రోజులుగా గుచ్చుకుంటూనే ఉంది.

పిన్నికి చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాసుకుంటాను. నేను పొద్దున్న కుస్తీ పట్టిన ఆ కాన్చెర్టోను లిగెటి ఎవరికి అంకితమిచ్చాడో ఆయన జీగ్‌ఫ్రీడ్ పామ్. 1927లో జర్మనీలోని వుపర్టాల్‌లో పుట్టి, తండ్రి దగ్గరే చెల్లో నేర్చుకుని, యుద్ధం ముగిసిన 1945లోనే ల్యూబెక్ ఆర్కెస్ట్రాలో ప్రధాన వాద్యకారుడయ్యారు. ఆ తర్వాత హాంబర్గ్ రేడియో ఆర్కెస్ట్రాలో పదిహేనేళ్లు. 1962లో కొలోన్ సంగీత విద్యాలయంలో బోధన మొదలుపెట్టారు. ఇక ఆనాటి కొత్త స్వరకర్తల రచనల తేదీలు చూడాలి: పెండెరెత్స్కీ సొనాట 1964, జెనాకిస్ 'నోమోస్ ఆల్ఫా' 1966, లిగెటి కాన్చెర్టో 1967. ఈ మూడింటినీ తొలిసారి వాయించింది ఆయనే, మూడూ పాఠాలు చెబుతున్న ఏళ్లలోనే. తర్వాత ఆ విద్యాలయానికి డైరెక్టరయ్యారు. కొత్త సంగీతం వాయించడం నేర్పే అభ్యాసాల పుస్తకమొకటి కూర్చారు. కచేరీలు తగ్గి పాఠాల్లోకి వచ్చిన మనిషి కాదు.

'నోమోస్ ఆల్ఫా' మాట వచ్చింది కాబట్టి ఒకటి ఒప్పుకోవాలి. అందులో వాయిస్తూ వాయిస్తూ మధ్యలో మంద్రపు తీగను పూర్తిగా ఒక స్థాయి కిందికి దించాలి. ఒకసారి ప్రయత్నించాను. తీగ బట్టలారేసే తాడులా వేలాడింది. తిరిగి బిగిస్తే బిరడా జారింది, శ్రుతి నిలబడేసరికి మర్నాడయింది. ఆ జోలికి మళ్లీ పోలేదు.

మూడున్నరకు పదమూడేళ్ల శిష్యురాలు వచ్చింది, వాళ్లమ్మతో. ఆ రోజు పాఠం బాఖ్ చెల్లో కోసం రాసిన మొదటి సూట్‌లో (నృత్య రచనల వరుసలో) మినుయెట్ అనే నృత్యం. రెండో వరుసలో కమాను మరీ నొక్కేసింది. నూనె లేని తలుపు కిర్రుమన్నట్టు మోగింది.

"సారీ టీచర్."

"ఇంకోసారి అనిపించు."

"తప్పు కదా టీచర్?"

"తప్పే. కావాలని చేయగలవేమో చూద్దాం."

చేసింది. శుభ్రమైన స్వరం వచ్చింది! ఇద్దరం నవ్వాం. మళ్లీ శుభ్రంగానే వచ్చింది. నాలుగో సారికి గాని కిర్రుమనలేదు. ఎప్పుడూ ఎడమచేతి వేళ్లనే చూసుకునే పిల్ల అప్పుడు మొదటిసారి కుడిచేయి వైపు చూసింది. బీరువాలోంచి స్వరకర్త లాఖెన్మాన్ చెల్లో కోసం రాసిన 'ప్రెసియోన్' తీసి చూపించాను. 1969 నాటి రచన. ఏ స్వరం వాయించాలో చెప్పడం కన్నా చేయి ఎక్కడ ఉండాలి, కమాను ఎంత నొక్కాలి అన్నదే అందులో ఎక్కువ. పేజీని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి పరీక్షలో మార్కులు ఉంటాయా?" అంది. తలుపు దగ్గర కూర్చున్న వాళ్లమ్మ గడియారం వైపు చూశారు. ఆవిడను తప్పుపట్టను. పరీక్ష వచ్చే నెలే.

(కొత్తగా చేరినవాళ్లతో ఈ ప్రయోగం చేయను. వాళ్లు అడగకుండానే కిర్రుమనిపిస్తారు.)

మినుయెట్‌కు తిరిగి వచ్చాం. నేను ఏమీ చెప్పలేదు గాని, రెండో వరుసలో కమాను బరువు తనంతట తనే తగ్గింది. ఆఖరి స్వరం దగ్గర చేయి ఎత్తకుండా, మోత పూర్తిగా ఆగేదాకా అలాగే ఉండిపోయింది.

రాత్రి భోజనమయ్యాక మళ్లీ ఎనిమిది 'పి'ల దగ్గర కూర్చున్నాను. దీపం తీసేసి, కళ్లు మూసుకుని, ఆ పిల్ల చూసినట్టు నేనూ కుడిచేతి మీదే మనసు పెట్టాను. పది నిమిషాలైనా ఫ్రిజ్ రొద తప్ప ఏమీ లేదు. ఇంతలో అది టక్కున ఆగిపోయింది. గదిలో ఇంకా ఏదో మోగుతూనే ఉంది. కంగారులో కమాను వణికి చెడగొట్టేశాను.

రేపు రోజిన్ కొత్తది కొనాలి. పాతది అరిగి బిళ్ల మధ్యలో గుంట పడింది. పిన్నికి ఫోను చేయాలి.