స్వార్త్‌మోర్ అంటే ఏ ఊళ్లో కాలేజీ అన్నా?

న్యూజెర్సీలోని మా ఎడిసన్‌లో ఎవరింట్లో పిల్లలు పన్నెండో క్లాసుకి వచ్చినా వినపడే పేర్లు నాలుగైదే. రట్గర్స్, పర్డ్యూ, జార్జియా టెక్, కలిసొస్తే కార్నెల్. మా అమ్మాయి స్వార్త్‌మోర్, ఆమ్హర్స్ట్ అని రాసుకుందని చెబితే మా స్నేహితుడు, "అవి కమ్యూనిటీ కాలేజీలా అన్నా?" అన్నాడు, అంటే ఎవరికైనా సీటిచ్చే రెండేళ్ల లోకల్ కాలేజీలా అని. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు.

అతన్ని అనేం లాభం? మనకి కాలేజీ పెద్దదైతేనే పేరున్నట్టు. రట్గర్స్ న్యూ బ్రన్స్‌విక్‌లో డిగ్రీ పిల్లలే 35 వేలకు పైన. స్వార్త్‌మోర్‌లో అందరూ కలిసి సుమారు 1,700. మన దగ్గర కార్పొరేట్ జూనియర్ కాలేజీ ఒక బ్రాంచిలోనే అంతమంది ఉంటారు. స్వార్త్‌మోర్, ఆమ్హర్స్ట్ లాంటివాటిని లిబరల్ ఆర్ట్స్ కాలేజీలంటారు, ఒకే సబ్జెక్టు కాకుండా సైన్సు, సాహిత్యం, చరిత్ర అన్నీ కలిపి చదివించే చిన్న కాలేజీలు. ఇలాంటి చోట ఏం నేర్పుతారో నాకు ఆఫీసులో తెలిసింది. మా టీమ్‌లో సీనియర్ ఆర్కిటెక్ట్ చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో ఫిలాసఫీ చదివాడు. కోడింగ్ తర్వాత పట్టుకున్నాడట. డిజైన్ మీటింగుకి మేం స్లైడ్లు తెస్తే అతను రెండు పేజీలు రాసుకొస్తాడు. ఏ వాక్యం పట్టుకుని అడిగినా తడబడడు. సెల్ఫ్ అప్రైజల్ రాయాలంటేనే తల పట్టుకునే నాకు అది చూస్తే కుళ్లు.

స్వార్త్‌మోర్ చూసొచ్చాం. ఫిలడెల్ఫియాలో లోకల్ రైలెక్కితే కాలేజీ ముందే దిగొచ్చు. 1864లో క్వేకర్లనే క్రైస్తవ వర్గంవాళ్లు పెట్టింది. క్యాంపస్ అంతా వృక్షోద్యానమే, చెట్లకి పేర్లు రాసిన చిన్న పలకలు. టూర్ తిప్పిన పిల్ల చెప్పినవాటిలో రెండు నాకు బాగా పట్టాయి. మొదటి సెమిస్టర్‌కి గ్రేడ్లుండవు, పాసా కాదా అంతే. ఆనర్స్ తీసుకుంటే చివర్లో పరీక్షించేది బయటి నుంచి వచ్చే నిపుణులు, వైవాతో సహా. 1922లో మొదలైన పద్ధతి. ఎక్స్‌టర్నల్ వస్తున్నాడంటే ల్యాబ్ అసిస్టెంటుని బతిమాలుకున్న బ్యాచ్ మాది! పీజీ విద్యార్థులు లేరు కాబట్టి పాఠం చెప్పేది ప్రొఫెసరే. ఇంజినీరింగ్ డిగ్రీ కూడా ఉందనేసరికి మా ఆవిడ టెన్షన్ సగం తగ్గింది.

వందలో పదిమందికి కూడా సీటు రాదని అందరూ భయపెడతారు. ఆ శాతం చూసి అంచనా వేసుకోవడం దండగ. ఇలాంటి కాలేజీల్లో సగం దాకా సీట్లు ఎర్లీ డెసిషన్‌లోనే నిండిపోతాయి, అంటే వస్తే చేరతామని సంతకం పెట్టినవాళ్లతో. ఆటగాళ్ల కోసం కోచ్‌లు అడిగే సీట్లు వేరే. తరగతి చిన్నది కాబట్టి మిగిలేవి కొన్నే.

మాబోటివాళ్లకి అసలు చిక్కు ఇంకోచోట ఉంది. మా అమ్మాయిది హెచ్-4, అంటే హెచ్-1బి మీద పనిచేసేవాళ్ల కుటుంబానికిచ్చే వీసా. రెండో క్లాసు నుంచి ఇక్కడే చదివినా ఫెడరల్ సాయానికి, అంటే కేంద్ర ప్రభుత్వం చదువుకిచ్చే డబ్బుకి, అర్హత లేదు. గ్రీన్‌కార్డు క్యూ కదిలేలోపు 21 నిండితే ఎఫ్-1 అనే విద్యార్థి వీసాకి మారాలి. ఖర్చు చూస్తే ఏడాదికి 90 వేల డాలర్ల దరిదాపుల్లో ఉంది. కాబట్టి ర్యాంకు కంటే ముందు తేల్చుకోవాల్సింది, సాయం అడిగితే అడ్మిషన్‌కి దెబ్బా కాదా అన్నది. ఆమ్హర్స్ట్ ఏ దేశం పిల్లలకైనా ఆ సంగతి పట్టించుకోదు. బౌడన్ అనే ఇంకో చిన్న కాలేజీ కూడా 2022 నుంచి అంతే. స్వార్త్‌మోర్ విదేశీ విద్యార్థుల విషయంలో సాయం అడిగారా లేదా అన్నది కూడా చూస్తుంది, సీటిస్తే మాత్రం అవసరమైన మొత్తం భరిస్తుంది. హెచ్-4 పిల్లల్ని విదేశీ లెక్కలో వేస్తారా, ఇక్కడి హైస్కూలు చదువు చూసి స్థానికుల్లో కలుపుతారా అన్నది ఒక్కో కాలేజీలో ఒక్కోలా ఉంటుంది. వెబ్‌సైట్ నమ్ముకోకుండా ఈమెయిల్ రాసి జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోవడం మంచిది.

ఎర్లీ డెసిషన్‌కి పంపేది ఒక్కదానికే. నేను ఆమ్హర్స్ట్ అంటున్నాను. అమ్మాయికి అక్కడి చలి అంటే భయం, స్వార్త్‌మోరే అంటోంది. నవంబరులోగా ఎవరో ఒకరు తగ్గాలి.