స్టీరింగ్ తిప్పితే గుయ్యిమంటుందా, పంపు మార్చే ముందు ఒక్కసారి ఆయిల్ డబ్బా మూత తీయండి

డిసెంబర్ చలిల పొద్దుగాల ఐదున్నరకు దేవరకొండ పోదామని బండి బయటికి తీస్తున్న, గేటు దగ్గర రివర్స్‌ల స్టీరింగ్ తిప్పంగనే బానెట్ లోపల్నుంచి గుయ్య్‌మని ఒకటే సప్పుడు. చక్రాలు సీదా కాంగనే తగ్గింది, మళ్ల తిప్పితే మళ్ల లేచింది. వెనక సీట్ల కూసున్న మా బాపు "ఏందిరా, బండి మూలుగుతుంది" అన్నడు. పదిహేనేండ్ల డీజిల్ బండి, ఆయిల్ మీద నడిచే పాత రకం పవర్ స్టీరింగ్, అంటే డబ్బాల ఉన్న ఆయిల్‌ను పంపు వత్తిడితోని తోస్తే స్టీరింగ్ అల్కగ తిరుగుతది. బాపు కొన్న మొదటి కారు గావట్టి దానికి ఏమన్నా అయితే నాకు పాణం ఆగదు.

దేవరకొండ పోయొచ్చినంక నల్గొండల హైవే పక్క ఒక షాపుల చూపించిన. ఆయన రెండుసార్లు స్టీరింగ్ తిప్పి, "పంపు పోయింది, కొత్తది పదకొండు వేలు, సాయంత్రానికి చేసిస్త" అన్నడు. కనీసం ఆయిల్ డబ్బా మూత కూడా తియ్యలే, అది నాకు ఇప్పటికీ బాధనే. పదకొండు వేలంటే మా ఇంట్ల చిన్న మాట కాదు.

అందుకని పానగల్ దిక్కు మాకు ఎప్పటినుంచో తెలిసిన మెకానిక్ కాక దగ్గరికి పోయిన. ఆయన ముందు స్టీరింగ్ ముట్టలే. ఇంజన్ నడుస్తుండంగ డబ్బాల ఆయిల్ ఎక్కడిదాంక ఉందో మార్కర్ పెన్నుతోని గీత గీసి, "ఇప్పుడు బంద్ జెయ్ తమ్మి" అన్నడు. బంద్ చెయ్యంగనే నా కండ్ల ముందే ఆయిల్ గీత దాటి వేలెడు పైకి లేచింది, మీద మొత్తం లేత గులాబీ నురుగు, లొట్టిల కల్లు పొంగినట్టే ఉంది. "జూసినవా, ఆయిల్‌ల గాలి చేరింది, ఇంజన్ నడిచినంత సేపు వత్తిడికి అణిగుంటది, బంద్ చేస్తే ఉబ్బుతది" అన్నడు. అర సెంటీమీటర్ లోపల లేస్తే పర్వాలేదు గాని అంతకంటే ఎక్కువ లేస్తే లోపల గాలి ఉన్నట్టే.

నా డౌట్ ఏందంటే, కింద ఒక్క చుక్క ఆయిల్ కూడా కారుతలేదు, మరి గాలి ఎట్ల పోయింది? కాక చెప్పింది ఇన్నంక నాకు మొత్తం అర్థమైంది. డబ్బా నుంచి పంపుకు పోయే పైపుల ప్రెజర్ ఉండదు, అక్కడ పంపు గుంజుకుంటది. కొబ్బరిబోండంల పెట్టిన స్ట్రాకు చిన్న బొక్క పడితే నీళ్లు బయటికి కారయి, నోట్లకు గాలి వస్తది, ఇది కూడ గంతే. మా పైపు కొస దగ్గర రబ్బరు ఎండకు ఎండీ ఎండీ తుమ్మ బెరడు లెక్క పగుళ్లు పట్టింది, క్లిప్ కూడ లూజు, వేలుతో తిప్పితే తిరుగుతుంది. ఆ గాలి బుడగలు పంపుల వత్తిడికి పగులుతుంటే వచ్చేదే ఆ గుయ్యిమనే సప్పుడు, పొద్దుగాల చలికి ఆయిల్ చిక్కగ ఉంటది గావట్టి ఇంకా ఎక్కువ వినిపిస్తది. సప్పుడే కదా అని అట్లనే నడిపితే మాత్రం ఆ బుడగలే పంపు లోపలి రెక్కలను కొరికేస్తయి, అప్పుడు నిజంగనే పంపు మార్చాలె.

బెల్ట్ సప్పుడు వేరే ఉంటది, కీచుమని సన్నగ వస్తది, బెల్ట్ మీద కొన్ని నీళ్లు చిలకరిస్తే కాసేపు మారుతది (చెయ్యి, చున్నీ దూరం పెట్టాలె, ఇంజన్ నడుస్తుంటది). ఇంకొకటి, ఇప్పుడొచ్చే చిన్న కార్లల్ల చానా వాటికి మోటర్ స్టీరింగే, వాటిల ఈ ఆయిలూ పంపూ ఉండయి, వాటి కథ వేరే.

కాక డబ్బా ఊడదీసి కడిగితే అడుగున జాలీ నిండా నల్లటి మడ్డి, కాటుక లెక్క వేలికి అంటుకుంది. పాత ఆయిల్ మొత్తం గుంజి, కొత్త పైపు, రెండు స్క్రూ క్లిప్పులు వేసి, మూత మీద ఏ ఆయిల్ రాసుందో అదే పోసిండు. దీన్ల బ్రేక్ ఆయిల్ ఎవ్వరు చెప్పినా పోయకండి, లోపలి రబ్బరు సీళ్లన్నీ ఉబ్బి కరాబైతయి.

గాలి తీసుడు మాత్రం నేనే చేసిన. ముందు చక్రాలు రెండూ లేపి స్టాండ్ల మీద పెట్టి, ఇంజన్ బంద్‌లనే స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకు మెల్లగ ఇరవై సార్లు తిప్పిన, కాక డబ్బా దగ్గర నిలవడి బుడగలు చూసుకుంట ఆయిల్ తగ్గినకొద్ది పోస్తున్నడు. మొదట పెద్ద పెద్ద బుడగలు, తర్వాత ఆవగింజలంత, తర్వాత ఏం లెవ్వు. అప్పుడు ఇంజన్ స్టార్ట్ చేసి మళ్ల తిప్పుడు. పూర్తిగ కొసకు పోయినంక ఐదు సెకన్ల కంటే ఎక్కువ పట్టి ఉంచొద్దు, ఆయిల్ మస్తు వేడెక్కుతది, అక్కడ కొంచెం సుయ్యిమంటే అది మామూలే.

పైపు, క్లిప్పులు, లీటర్ ఆయిల్, కాక కూలి అన్నీ కలిపి పదమూడు వందల యాభై అయింది.

తెల్లారి బాపును కూసోవెట్టుకొని గడియారం సెంటర్ దగ్గర ఇరుకుల మొత్తం తిప్పిన, సప్పుడు లేదు. డబ్బా మీద కాక గీసిన గీత అట్లనే ఉంచిన, వారానికోసారి మూత తీసి చూస్తున్న, నెల దాటింది, ఆయిల్ ఆ గీత దగ్గరనే ఉంది, నురుగు లేదు.