మసాకా దారిలో ఒక బగాండా ఇంట్లో ఆరు వారాలు

ఉగాండాకు పరిచర్యకని వెళ్ళడమంటే దీపం వెలుగుతున్న ఇంటికి వెళ్ళడమే. చర్చ్ మిషనరీ సొసైటీ అనే ఆంగ్లికన్ సంస్థ వాళ్ళు, ఇప్పటి ఉగాండాలో భాగమైన బుగాండా రాజ్యపు రాజు ముతేసా కొలువుకు చేరింది 1877 జూన్ 30న. రెండేళ్ళకు, 1879లో, కేథలిక్ వైట్ ఫాదర్స్ వచ్చారు. ముతేసా కొడుకు మ్వాంగా ఏలుబడిలో, 1885, 1887 మధ్య, కొలువులో పనిచేసే కుర్రవాళ్ళు విశ్వాసం వదలమంటే వదలక ప్రాణాలిచ్చారు. 1886 జూన్ 3న నముగోంగోలో చాలామందిని ఒకేసారి సజీవంగా కాల్చారు. ఆ రోజు ఇప్పటికీ దేశమంతటా సెలవు. బుగాండా ప్రజలను బగాండా అంటారు, వాళ్ళ భాష లుగాండా. అందులో పూర్తి బైబిల్ 1896కే వచ్చేసింది. కాబట్టి మనకు పక్క వేసిచ్చే ఇంటి అవ్వ నాలుగైదు తరాల విశ్వాసి అయినా ఆశ్చర్యం లేదు.

మేమిద్దరం మసాకా వైపు ఒక పల్లెలో ఆరు వారాలు ఒక బగాండా కుటుంబంతో ఉన్నాం. సండే స్కూలు టీచర్లకు శిక్షణ, సాయంత్రాలు ఇళ్ళలో ప్రార్థన కూడికలు, ఆదివారం వాక్యం, ఇదీ పని. ఆ పని నిలబడేదీ చెడేదీ మాత్రం మనం ఉన్న ఇంట్లోనే. నీళ్ళ దగ్గర, పొయ్యి దగ్గర, డబ్బు దగ్గర. అందుకే ఇక్కడ రాసేది ఎక్కువగా ఇంటి సంగతులే.

కాగితాల విషయం ముందు. సందర్శకుల వీసా మీద వెళ్ళి పరిచర్య చేయడం తప్పు. ఎక్కువకాలం ఉండే మిషనరీలకు, వాలంటీర్లకు వేరే ఎంట్రీ పర్మిట్ ఉంది. కొద్ది వారాలకే అయితే మనల్ని పిలిచే సంఘం నుంచి ఆహ్వాన పత్రం తెప్పించుకుని, ఏ వీసా అడగాలో వాళ్ళ చేతే ఇమిగ్రేషన్ వాళ్ళను కనుక్కోమనాలి. కౌంటర్ దగ్గర ‘ఊరు చూడ్డానికి వచ్చాం’ అని, పెట్టె నిండా పాఠాల పుస్తకాలతో నిలబడితే మనకే కాదు, పిలిచిన పాస్టరుగారికీ మాట వస్తుంది. రెండోది ఎల్లో ఫీవర్ టీకా. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి, అప్పటికి గానీ ఆ కార్డు చెల్లదు. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. ఆ పసుపు కార్డు తిరుగు ప్రయాణంలోనూ కావాలి, లేకుండా ఇండియాలో దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు. పాస్‌పోర్టు లోపలే పెట్టి రబ్బరుబ్యాండు వేసుకోండి.

ఎంటెబ్బే విమానాశ్రయం నుంచి కంపాలా సుమారు 40 కిలోమీటర్లు, కంపాలా నుంచి మసాకా ఇంకో 130 దాకా. దారిలో కయబ్వే దగ్గర భూమధ్యరేఖ దాటతాం. అక్కడ ‘టాక్సీ’ అంటే కారు కాదు, 14 సీట్ల వ్యాను. నిండితేనే కదులుతుంది. డాలర్లు తీసుకెళ్ళేవాళ్ళు కొత్త నోట్లే తీసుకెళ్ళాలి. పాతబడినవి, గీతలున్నవి, చిరుగున్నవి మార్చేచోట వెనక్కి నెడతారు. కరెంటు ప్లగ్గు మూడు పలక పిన్నులది, మన గుండ్రటి పిన్నులు పట్టవు, అడాప్టర్ ఉండాలి.

ఇక గంటల లెక్క. ఇది తెలియక మొదటి వారమే కూడికలు తప్పిపోయేవాళ్ళు చాలామంది. లుగాండాలో రోజు తెల్లవారడంతో మొదలవుతుంది. ఉదయం ఏడు గంటలను ‘సావా ఎము’, అంటే ఒకటో గంట అంటారు. పది గంటలు ‘సావా న్యా’, నాలుగో గంట. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు మామూలు లెక్కే చెప్తారు, కానీ లుగాండాలో ఆలోచించి ఇంగ్లీషులోకి తిప్పేవాళ్ళ నోట ‘ఫోర్’ అని వస్తే అది పదా, సాయంత్రం నాలుగా అన్న సందేహం మనకే మిగులుతుంది. ఆరు గంటల తేడా! గడియారం చూపించి ‘చిన్న ముల్లు ఎక్కడ ఉంటుంది?’ అని అడగడమే మందు. మేం ఆదివారం కార్యక్రమాన్ని రెండు లెక్కల్లోనూ రాసి గోడకు అంటించాం.

ఇంటికి చేరగానే చెప్పులు గుమ్మం బయటే. ఇది మనకు అలవాటే. గుడిలోకి మాత్రం చెప్పులతోనే వెళ్తారు, ఆడవాళ్ళు ముసుగు వేసుకోవడమూ అంతగా కనబడదు. దాన్ని భక్తి తక్కువని లెక్కేసుకోకండి. పలకరింపు ఇంట్లో చాలా పెద్ద విషయం. పొద్దున్నే ఎదురైన పెద్దావిడతో ‘వసూజే ఒత్యా నో, న్యాబో’ (రాత్రి ఎలా గడిచిందమ్మా) అనకుండా నేరుగా పని మాట ఎత్తితే కొట్టినట్టే ఉంటుంది వాళ్ళకు. మగవారినైతే చివర ‘సేబో’ అనాలి. పనిలో ఉన్నవాళ్ళ పక్కనుంచి వెళ్తూ ‘జెబాలే కో’ అనాలి, పనికి మెచ్చుకోలు అది. మనం బయటికి వెళ్ళి తిరిగివస్తే ఇంట్లోవాళ్ళు ‘కులికాయో’ అంటూ ఆహ్వానిస్తారు. భోజనం అయ్యాక వండినావిడకు ‘వెబాలే కుఫుంబా’, వండిపెట్టినందుకు కృతజ్ఞత. ఈ ఐదు మాటలు విమానం ఎక్కకముందే నోటికి రావాలి. ఆ ఇంటి ఆడపిల్లలు, ఒక్కోసారి తల్లి కూడా, మోకాళ్ళ మీద వంగి పలకరిస్తారు. లేవదీయబోకండి, వద్దనకండి. మనం కూర్చుని, తల కాస్త వంచి, నిదానంగా బదులు చెబితే చాలు.

నీళ్ళ గురించి కొంచెం ఎక్కువే రాయాలి. 20 లీటర్ల పసుపు ప్లాస్టిక్ డబ్బాను జెరికాన్ అంటారు, నిండితే 20 కిలోలు దాటుతుంది. బోరింగు దగ్గరి నుంచి దాన్ని మోసుకొచ్చేది చాలా ఇళ్ళలో పిల్లలే, బడికి పోకముందు. మన ఇళ్ళలోలా పెద్ద బకెట్ నిండా పోసుకుంటే ఒక స్నానానికే ఒక డబ్బా పోతుంది, అంటే ఒక పిల్లవాడి ఒక నడక. ఐదు లీటర్లతో స్నానం సాధ్యమే. బేసిన్‌లో నీళ్ళు పోసుకుని, ముందు లోటాతో ఒళ్ళంతా తడిపి, సబ్బు తక్కువ రాసుకుని, మెడ దగ్గరి నుంచి కిందికి సన్నటి ధారగా కడుక్కుంటూ రావాలి. సబ్బు ఎక్కువైతేనే నీళ్ళు చాలవు. తలస్నానం వర్షం పడి తొట్టి నిండిన రోజుకు పెట్టుకోవడం మంచిది. వానలు మార్చి నుంచి మే దాకా, మళ్ళీ సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా బాగా పడతాయి. బట్టలు జాడించిన ఆఖరి నీళ్ళు పారబోయరు, వాటితో నేల తుడుస్తారు. ఆ తర్వాత అవి అరటి చెట్లకు. తాగే నీళ్ళు బాగా తెర్లేదాకా కాచి, మూతపెట్టి చల్లార్చి, వేరే పాత్రలో ఉంచుతారు. అందులో చేతి గ్లాసు ముంచితే కాచిన కట్టెలన్నీ దండగ. రోజుకొక డబ్బా మనమే మోసుకొస్తాం అంటే అవ్వ మొదట ఒప్పుకోదు. నాలుగో రోజు అడగకుండానే డబ్బా తీసుకుని పిల్లలతో నడవండి. పిల్లలతో మాటలు కలిసేది ఆ దారిలోనే.

ఊళ్ళో కరెంటు ఉన్న ఇళ్ళకు ‘యాకా’ అని ముందుగా డబ్బు కట్టే మీటరు ఉంటుంది. మనం రెండు ఫోన్లు, లాప్‌టాప్, ఇస్త్రీ పెట్టె వాడితే యూనిట్లు ఇట్టే కరిగిపోతాయి, ఇంట్లోవాళ్ళు నోరు తెరిచి చెప్పరు. వారానికోసారి మనమే యూనిట్లు కొని ఆ అంకెలు ఇంటాయన చేతికివ్వాలి.

వంట పెరట్లో, వేరే కొట్టంలో. మతోకే అంటే వండే పచ్చి అరటి. గెలను నేల మీద పెట్టి, కాయకు నిలువునా కత్తి పెట్టి మందంగా తొక్క తీస్తారు. బంక చేతికి అంటితే నల్లబడి రోజుల తరబడి పోదు, అది మనకు కొత్తేం కాదు, ముందే చేతులకు నూనె రాసుకోవాలి. ఒలిచినవి ఒలిచినట్టు నీళ్ళలో వేయాలి. కుండ అడుగున అరటాకుల ఈనెలు ముక్కలు చేసి మంచెలా పేర్చి, దాని కింది దాకానే నీళ్ళు పోస్తారు. ఈనె తీసేసిన ఆకుల్లో కాయల్ని మూటకట్టి ఆ మంచె మీద కూర్చోబెట్టి, పైన ఇంకా ఆకులు కప్పి ఆవిరి బయటికి పోకుండా చుట్టూ దోపుతారు. కాయ మెత్తబడి పసుపు రంగుకు తిరిగాక మూట బయటికి తీసి, వేడి మీదే, ఆకు పైనుంచే రెండు అరచేతులతో అదిమి ముద్ద చేస్తారు. మళ్ళీ సన్నటి సెగ మీద పెడతారు. తొందరపడి నీళ్ళు ఎక్కువ పోస్తే అడుగు కాయలు ఉడికిపోయి చప్పబడతాయి. నీళ్ళు ఇంకిపోతే ఆకు మాడి ముద్దంతా పొగవాసన. ఆ మూట అదిమే పని అడిగి చేయండి, చెయ్యి కాలుతుంది, అయినా పొయ్యి దగ్గర కూర్చున్న మనిషిని ఎవరూ పరాయిగా చూడరు.

దాంతో వేరుసెనగ పులుసు, చిక్కుడు గింజలు, ఆకుకూర. కారం ఉండదు. మనవాళ్ళు పచ్చడి సీసా తీసుకెళ్ళడం తప్పు కాదు, కానీ ఆమె వడ్డించీ వడ్డించకముందే మూత తీయడం తప్పు. మొదటి వారం సీసా పెట్టెలోనే ఉండనివ్వండి. తినేముందు ఇంట్లో చిన్నవాళ్ళు చెంబు, బేసిన్ తెచ్చి చేతుల మీద నీళ్ళు పోస్తారు, అప్పటిదాకా కంచం ముట్టుకోకూడదు.

డబ్బు. ఇండియా మనిషిని అక్కడ ‘ముయిండి’ అంటారు. 1972లో అప్పటి పాలకుడు ఈదీ అమీన్ 90 రోజుల గడువిచ్చి, వ్యాపారాలు ఎక్కువగా నడిపిన ఆసియా వాళ్ళను వెళ్ళగొట్టాడు. తర్వాత చాలామంది తిరిగొచ్చారు. అంచేత ముయిండి అంటే అక్కడివాళ్ళ మనసులో మెదిలేది కొట్టు యజమాని. తెలుగు పల్లెల్లోని మన రేకుల షెడ్డు మందిరాలను వాళ్ళు ఊహించుకోలేరు, ఫోటోలు చూపించి చెప్పాలి. బస ఖర్చు ముందే సంఘ పెద్దల ద్వారా మాట్లాడుకుని, వారం మొదట్లో కవరులో పెట్టి రెండు చేతులా ఇవ్వాలి. దానికి తోడు పంచదార, బార్ సబ్బు, వంటనూనె, బియ్యం తెచ్చిపెడితే ఎంతో సంతోషిస్తారు. బడి మూడు టర్ములు, మొదటిది ఫిబ్రవరిలో మొదలవుతుంది. టర్ము మొదట్లో ఉంటే ఫీజు కోసం అడిగేవాళ్ళు వస్తారు, ఆ అవసరం నిజమైనదే. అప్పుడు మొహమాటానికి ‘చూద్దాం’ అనకండి. అక్కడ ఆ మాటకు ‘సరే’ అని అర్థం. ఆ పిల్ల మీ మాట మీద బడి ముందు నిలబడుతుంది. ‘సంఘ పెద్దలతో కలిసి తప్ప నేను విడిగా ఇవ్వను’ అని మొదటి రోజే చెప్పి దానికి కట్టుబడాలి.

ఆరాధన మూడు నాలుగు గంటలు. దుబాసీతో వాక్యం చెబితే సగం సమయం అనువాదానికే పోతుంది, 40 నిమిషాలిస్తే 20 నిమిషాల సరుకే సిద్ధం చేసుకోవాలి. ముందు రోజే వాక్యభాగాలు దుబాసీకి ఇవ్వండి. లుగాండాలో యోహాను సువార్త ‘యొకానా’, కీర్తనలు ‘జబ్బులి’. ఒక్కో వాక్యం ఒక్కో ఊపిరిలో అయిపోవాలి. మన సామెతలు అక్కడ చచ్చుబడతాయి. అంకెలు తారుమారవుతాయి, వేళ్ళతో చూపించండి. కానుకగా గుడ్లు, కోడి, అరటి గెల తెచ్చేవాళ్ళుంటారు, ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఒక గెల పాడుకుని ఇంటికి తీసుకెళ్తే సంఘానికీ ఇంటికీ రెండింటికీ చేసినట్టు.

వేరే శాఖల మీద ఒక్క మాట తూలకూడదు. మసాకా కేథలిక్కుల గడ్డ. 1939లో బిషప్పైన జోసెఫ్ కివానుకా, ఈ కాలపు మొదటి ఆఫ్రికా కేథలిక్ బిషప్పుల్లో ఒకరు, ఈ ప్రాంతాన్నే నడిపించారు. ప్రొటెస్టంట్లు, కేథలిక్కులు 1892లో బుగాండా రాజధాని మెంగో దగ్గర తుపాకులతో పోట్లాడుకున్న చరిత్ర అది. ఒకే ఇంట్లో అన్న ఆంగ్లికన్, చెల్లెలు బలోకోలే (రక్షణ పొందినవాళ్ళని వాళ్ళ పేరు), పక్కింట్లో ముస్లిం కుటుంబం. కుటుంబ ప్రార్థన ఇంటాయన నడిపిస్తాడు, అడిగితేనే మనం.

ఆరోగ్యం సంగతి. మలేరియా మందు ఏది వాడాలో డాక్టరును అడిగి, తిరిగొచ్చాక కూడా చెప్పినన్నాళ్ళూ మానకుండా మింగాలి. దోమతెర అంచులు పరుపు కిందికి దోపాలి, వేలాడదీస్తే లాభం లేదు. జ్వరం వస్తే ఆ రోజే రక్తపరీక్ష. ఇంటికొచ్చిన నెలల తర్వాత జ్వరం వచ్చినా ఉగాండా వెళ్ళొచ్చామని డాక్టరుకు చెప్పండి. ఆరుబయట ఆరేసిన బట్టల మీద ఒక రకం ఈగ గుడ్లు పెడుతుంది, పురుగు చర్మంలోకి దూరి కురుపులా లేస్తుంది. లోదుస్తులతో సహా, కుట్ల దగ్గర ఆగి ఆగి, రెండు వైపులా వేడి ఇస్త్రీ చేయాలి. ఆ లోదుస్తులు మీరే ఉతుక్కోవాలి, ఇంటి పిల్లలకు ఇవ్వకూడదు. మట్టిలో వట్టికాళ్ళతో తిరగవద్దు, చర్మంలోకి దూరే గోరుపురుగు ఉంటుంది. విక్టోరియా సరస్సు ఒడ్డున నీళ్ళలోకి దిగవద్దు, నీళ్ళలోని పురుగు వల్ల బిల్హార్జియా అనే జబ్బు వస్తుంది.

బయల్దేరే రోజుకు కనీసం గంటన్నర ఎక్కువ పెట్టుకోండి. కాళ్ళు కట్టిన కోడిని తెచ్చి చేతికిస్తారు. వద్దనకూడదు, రెండు చేతులా తీసుకుని, ‘అవ్వ దగ్గర పెంచమని’ అప్పగించవచ్చు. తర్వాత ప్రార్థన, తర్వాత టీ. ఆపైన గుమ్మం దగ్గర వీడ్కోలు చెప్పి లోపలికి వెళ్ళిపోవడం అక్కడ మర్యాద కాదు. ఇంటిల్లిపాదీ మన సంచులు తలా ఒకటి పట్టుకుని తారురోడ్డు దాకా నడిచొస్తారు. అవ్వ మెల్లగా నడుస్తుంది. ఆమెతో సమానంగా నడవండి. వ్యాను వెళ్ళిపోతే ఇంకోటి వస్తుంది.