ఆర్‌టూ-డీటూకు మూడో కాలు

స్టార్ వార్స్ సినిమాలోని రోబో ఆర్‌టూ-డీటూ నమూనా చేస్తున్నానని చెప్పగానే ఎవరైనా అడిగేవి రెండే ప్రశ్నలు. తల తిరుగుతుందా? లైట్లు వెలుగుతాయా? రెండూ జరుగుతాయి, రెండూ సులువే. నాకు కావలసింది వేరు. ఆ రోబో రెండు కాళ్ల మీద నిటారుగా నిలబడి, మనం చూస్తుండగానే పొట్టలోంచి మూడో కాలు దించి, ఒళ్లు వెనక్కి వాల్చి, చక్రాల మీద బయలుదేరాలి. అది చేయని ఆర్‌టూ-డీటూ ఎంత ముచ్చటగా ఉన్నా అలమారలో పెట్టుకునే బొమ్మే అని నా అభిప్రాయం.

1977లో విడుదలైన స్టార్ వార్స్ తీసినవాళ్లు కూడా ఈ పనిని ఒకే యంత్రం చేత చేయించలేదు. రెండు కాళ్ల మీద అటూ ఇటూ ఊగుతూ నడిచే దృశ్యాల్లో రోబో డొక్క లోపల కెన్నీ బేకర్ అనే నటుడు కూర్చునేవాడు. ఆయన ఎత్తు 112 సెంటీమీటర్లు. మూడు కాళ్ల మీద దొర్లుకుంటూ పోయే దృశ్యాలకు రిమోట్‌తో నడిచే వేరే యంత్రం ఉండేది. ట్యునీషియా ఎడారిలో ఆ రిమోట్ యంత్రాలు మొరాయించి చిత్రబృందాన్ని ముప్పుతిప్పలు పెట్టాయి. ఒకదాని నుంచి మరొకదానికి దాటించే పని ఎడిటింగ్ బల్ల మీద జరిగిపోయింది. పాలకొల్లులో మా ఇంటి వసారాలో కూర్చుని చేసేవాడికి ఆ వెసులుబాటు లేదు. కత్తెర చేసిన పనిని స్క్రూ చేత చేయించాలి.

ముందు కొలత తేల్చుకోవాలి. సినిమాలోని రోబో ఎత్తు 109 సెంటీమీటర్లు, ఒంటి వ్యాసం దాదాపు 46. అందరూ సగం కొలత అనో మూడో వంతు అనో గుండ్రని లెక్క పెట్టుకుని, దానికి సరిపోయే గొట్టం కోసం తిరుగుతారు. నేను గొట్టం చూసుకుని కొలత పెట్టుకున్నాను. పాలకొల్లు నుంచి భీమవరం వైపు ఎటు వెళ్లినా రొయ్యల చెరువులే కాబట్టి మాకు పెద్ద పీవీసీ పైపులకు కొదవ లేదు. 225 మిల్లీమీటర్ల పైపు ముక్క ఒకటి దుకాణం వెనక ఎండకు పడి ఉంటే తెచ్చుకున్నాను. దాన్ని బట్టి ప్రతి కొలతనూ 0.49తో గుణించాను. ఎత్తు 53 సెంటీమీటర్లకు వచ్చింది. కాళ్లు ప్లైవుడ్ పొరలు అతికించి కోసినవి. వాటి మీద పుట్టీ, ప్రైమరు, తెల్ల రంగు. చిన్న చిన్న భాగాలను త్రీడీ ప్రింటర్‌పై పెట్‌జీ అనే ప్లాస్టిక్‌తో తీయించాను. మామూలుగా వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో తలుపులు వేసిన కారులో దాన్ని వదిలి వెళ్లే ధైర్యం మా ప్రాంతంలో ఎవరికీ ఉండకూడదు.

రోబో తలగా ఉండే గుమ్మటం దగ్గర మాత్రం నా సరదా కొంత తీర్చుకున్నాను. అసలు దానికి వాడింది అల్యూమినియం. తణుకు దగ్గర అజ్జరంలో ఇత్తడి పని చేసే కుటుంబాలు ఉండగా అల్యూమినియం గిన్నె కోసం వెతకడం నాకు మనసొప్పలేదు. బిందెలు, గుడి గంటలు చేసే మేస్త్రి గారు నా కాగితం మీద గీత చూసి, "దీనికి నాలుక ఎక్కడ వేలాడదీయమంటారండీ?" అని అడిగారు. గంట కాదు, రోబో తల అన్నాను. ఆయన ఏ మాత్రం తొణకలేదు. "తల అయితే అంచు దళసరిగా ఉండాలి, లేకపోతే తిరిగేటప్పుడు వంకర పోతుంది" అన్నారు. ఆ మాట నేను చూసిన ఏ నక్షాలోనూ లేదు.

ఇత్తడి రేకు సుత్తి దెబ్బలకు క్రమంగా గట్టిపడుతుంది. కొంతసేపు కొట్టాక ఇక లొంగదు, బలవంతపెడితే చిట్లుతుంది. అప్పుడు దాన్ని కొలిమిలో మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి, చల్లార్చి, మళ్లీ కొట్టాలి. మేస్త్రి గారు ఎప్పుడు కాల్చాలో కంటితో కాదు, చెవితో తెలుసుకుంటున్నారు. దెబ్బ చప్పుడు ఖంగుమనడం మొదలవగానే రేకు కొలిమిలోకి వెళ్లిపోయేది. కన్ను, దీపాల గడులు వచ్చే చోట్ల కంసాలులు వాడే సన్న రంపంతో కోయించాను.

ఇక తెల్లదనం. నికెల్ పూత పూయించమని చాలామంది చెప్పారు. మన ఇళ్లలో ఇత్తడి గిన్నెలకు లోపల వేయించే కళాయి ఉండగా నికెల్ దేనికి? గుమ్మటాన్ని బోర్లించి వేడి చేసి, నవాసాగరం చల్లి, తగరం ముక్క తాకించగానే అది కరిగింది. తగరానికి 232 డిగ్రీలు చాలు. తెల్లటి పొగ లేస్తుండగా దూదితో ఒక్క ఊపున తుడిచారు. పసుపు రంగు మీద వెండి పాకినట్టు తెల్లబడింది. దూది నడిచిన దారి సన్నని చారలుగా మిగిలింది. సినిమాలోని రోబో కొత్త వస్తువులా ఉండదు, ఎన్నో ఊళ్లు తిరిగి నలిగినట్టు ఉంటుంది. ఆ చారలు నాకు ఆ నలుగుడును ఉచితంగా ఇచ్చాయి. నీలం రంగు పని మాత్రం సంక్రాంతి వెళ్లాక పెట్టుకున్నాను. వానాకాలపు తేమలో లాకర్ రంగు కొడితే పైన పాలు ఒలికినట్టు తెల్లని మసక కమ్ముతుంది. కార్లకు రంగులు వేసే ఏ కుర్రవాణ్ని అడిగినా ఈ మాట చెబుతాడు.

ఇత్తడికి చెల్లించిన మూల్యం బరువు. మిల్లీమీటరు మందం రేకుతో ఆ వ్యాసం గల అర్ధగోళం దాదాపు 670 గ్రాములు తూగుతుంది. అల్యూమినియం అయితే 200కు కాస్త ఎక్కువ. రెండు కాళ్ల మీద నిలబడవలసిన దాని నెత్తిన అంత బరువు పెట్టాక, కింద దానికి తగిన బరువు ఉండాలి. సోలార్ వీధి దీపాల్లో వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ నాలుగు తీసుకున్నాను. వరసగా కలిపితే 12.8 వోల్టులు. మధ్యలో మూడో కాలికి దారి వదిలి, అటు రెండు, ఇటు రెండు అడుగున బిగించాను. పైకి కరెంటు కోసం పెట్టిన సెల్స్ లోపల చేసే అసలు పని తూకం.

ఇక మూడో కాలు. దాన్ని దించడానికి నిలువు స్క్రూ, దాని మీద ఇత్తడి నట్టు. స్క్రూను మోటారు తిప్పితే నట్టుతో పాటు కాలు కిందికి దిగుతుంది. త్రీడీ ప్రింటర్ల కోసం అమ్మే 8 మిల్లీమీటర్ల లావు స్క్రూలు చూడడానికి అన్నీ ఒకేలా ఉంటాయి. ఒక రకంలో చుట్టుకు నట్టు 8 మిల్లీమీటర్లు జరుగుతుంది, ఇంకో రకంలో 2 మాత్రమే. మొదటిది నాలుగు రెట్లు వేగం కదా అని ఎవరికైనా అదే నచ్చుతుంది.

మా ఊళ్లో మోటార్లు చుట్టే షాపు ఒకటి ఉంది. దాన్ని నడిపే ఆయన్ని బాబాయ్ అంటాను. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లే ఆయన బతుకుతెరువు. మోటారు చుట్టడం, వేగం తగ్గించే గేరు పెట్టె విప్పి సరిచేయడం రోజూ ఉండే పని. రెండు స్క్రూలూ ఆయన చేతికిచ్చాను. వేగంగా నడిచే స్క్రూను నిలువుగా పట్టుకుని పైన నట్టు వదిలాడు. ఎవరూ తాకకుండానే నట్టు గిరగిరా తిరుగుతూ కిందికి జారి వచ్చి ఆయన బొటనవేలి మీద ఆగింది. రెండోదాని మీద వదిలితే వదిలిన చోటే కూర్చుంది. "అబ్బాయ్, కరెంటు ఉన్నంతసేపే నిలబడేది నీకెందుకు? దారిలో బ్యాటరీ అయిపోతే నీ రోబో కాలు ముడుచుకుని బోర్లా పడుతుంది" అన్నాడు. 2 మిల్లీమీటర్లదే పెట్టాం. ఆ స్క్రూ చుట్ల వాలు తక్కువ కాబట్టి పైనుంచి ఎంత బరువు ఒత్తినా స్క్రూ వెనక్కి తిరగదు.

భుజం దగ్గరా ఇదే సూత్రం. మూడు కాళ్ల మీద నిలిచినప్పుడు ఒళ్లు 18 డిగ్రీలు వెనక్కి వాలాలి. అంటే పక్క కాళ్లకూ ఒంటికీ మధ్య కోణం మారాలి, మారాక అలాగే బిగిసి ఉండాలి. దీనికి బాబాయ్ పాత సామాను కొట్లోంచి కారు కిటికీ అద్దం ఎత్తే మోటారు తీయించాడు. స్విచ్చి వదలగానే అద్దం జారిపోకుండా ఎక్కడిదక్కడ ఆగేది దాని లోపలి వర్మ్ గేరు వల్లే. మోటారు తిప్పితే గేరు తిరుగుతుంది గానీ, గేరును పట్టుకుని తిప్పితే మోటారు తిరగదు. రెండు భుజాలకూ అడ్డంగా ఒకే ఇరుసు వేసి దాన్ని ఈ మోటారుకు కలిపాం. చీలమండల దగ్గర మోటార్లు లేవు. ఒక బేరింగు, ముందుకూ వెనక్కూ హద్దు చెప్పే రెండు పిన్నులు. కాలు వాలినా పాదం నేలకు అంటుకుని ఉండడానికి అంతే చాలు.

అసలు చిక్కు ఏది ముందు కదలాలి, ఏది తరవాత అనే వరసలో ఉంది. అడుగున బ్యాటరీలు పెట్టాం కాబట్టి ఒంటి బరువు భుజం ఇరుసు కన్నా కిందే ఉంది. తల వెనక్కి వాలితే అడుగు ముందుకు వస్తుంది, దానితో బరువూ ముందుకు వస్తుంది. చూసేవాళ్లకు రోబో వెల్లకిలా పడబోతున్నట్టు అనిపిస్తుంది గానీ, నిజంగా పడితే ముందుకే పడుతుంది. అందువల్ల బరువు పాదాల ముందు అంచు దాటేలోపు మూడో కాలు అక్కడ సిద్ధంగా ఉండాలి. ముందు కాలు నేలకు అర అంగుళం దాకా దిగి ఆగుతుంది. అప్పుడు భుజం మోటారు మొదలవుతుంది. అక్కడి నుంచి రెండూ కలిసి నడుస్తాయి. తిరిగి లేచేటప్పుడు ముందు భుజం, చివర కాలు. భుజం ఇరుసు చివర ఉన్న పొటెన్షియోమీటరు ఏ క్షణంలో కోణం ఎంతో చెబుతుంది. స్క్రూ రెండు కొసల్లో ఉన్న చిన్న స్విచ్చులు ఇక చాలని చెబుతాయి. ఈ మూడింటి మాట విని మోటార్లను నడిపేది ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు. దాన్ని తలలో కాకుండా పీవీసీ ఒంట్లో పెట్టాను. ఇత్తడి గుమ్మటం కింద పెడితే ఫోను నుంచి వచ్చే సంకేతానికి ఆ లోహమే అడ్డు. తల ఎంత తిరిగినా తీగలు మెలిపడకుండా మెడలో పన్నెండు తీగల స్లిప్ రింగ్, అంటే తిరుగుతూనే కరెంటు అందించే కీలు, ఉంది.

బాబాయ్ షాపులో ఈ పని సాగిన తీరు గురించి ఒక మాట. ఏరేటర్ ఆగితే తెల్లవారేసరికి చెరువులో రొయ్య తేలిపోతుంది. అర్ధరాత్రి దాటాక నీళ్లలో ఆక్సిజన్ అంతకంతకూ పడిపోతుంది. అందుకని మోటారు భుజాన వేసుకుని ఏ రైతు వచ్చినా నా రోబో బల్ల దిగవలసిందే. దానికి నేనేమీ నొచ్చుకోలేదు. చెరువు మోటార్లు పరీక్షించే ఆ బల్ల మీదే దాని మోటార్లకూ కరెంటు ఎంత లాగుతుందో చూశాం. వచ్చిన రైతులు కూడా తలో సలహా పారేసి వెళ్లేవారు. పాదాల చక్రాలు గచ్చు మీద జారుతున్నాయంటే సైకిలు ట్యూబు ముక్క కోసి తొడగమన్నది వాళ్లలో ఒకరే. ఇప్పటికీ అదే ఉంది.

గొంతు విషయంలో నాకు ఒక పట్టుదల ఉంది. సినిమాలో ఆ కూతలు కట్టినవాడు బెన్ బర్ట్. సింథసైజర్ ధ్వనుల్లో తన సొంత గొంతుతో చేసిన పసిపిల్లల కూతలు కలిపాడు. ఆ రికార్డింగులు తెచ్చి పెట్టడం నాకు ఇష్టం లేక, మా అక్క కొడుకు చేత ఊఁ ఆఁ అనిపించి, ఫోనులో స్వరం మార్చి వాడాను. స్పీకరు ఇత్తడి కింద ఉండడంతో ప్రతి కూత చివరా సన్నని గంట మోత కలుస్తుంది. మేస్త్రి గారు అడిగిన నాలుక అలా వచ్చి చేరింది.

ఇప్పుడు మీట నొక్కితే కాలు దిగి, ఒళ్లు వాలి, మూడు కాళ్ల మీద స్థిరపడడానికి పది సెకన్లకు పైగా పడుతుంది. పిల్లలకు ఓపిక చాలడం లేదు. వేగం స్క్రూ వేయమని ఇంట్లో అడుగుతూనే ఉన్నారు. వేయను. మధ్యలో బ్యాటరీ తీగ పీకేసినా అది ఎక్కడిదక్కడ సగం వాలి నిలబడుతుంది. నమ్మని వాళ్లకు పీకి చూపిస్తున్నాను.

ఎడమ చీలమండ పిన్ను కాస్త అరిగి, లేచేటప్పుడు పాదం టక్కుమంటోంది. ఇంకొంచెం లావుది లేత్ మీద తీయించాలి. ఆదివారం రమ్మన్నాడు బాబాయ్, ఏరేటర్లు రాకపోతే.